పచ్చబడే దాకా

చొక్కాలు మూడు, తువ్వాళ్ళు రెండు, మందుల చీటీలున్న కవరు. ఆమె సంచి సర్దింది. మళ్ళీ అన్నీ తీసి, మళ్ళీ సర్దింది.

"దాన్నెందుకే అలా వేపుకు తింటావు?" అన్నాడు భర్త. "కోత నా గుండెకి. సంచికి కాదు."

ఆమె నవ్వలేదు.

కారెక్కబోతూ అతను ఆగి, ఇంటి ముందున్న పచ్చిక వైపు చూశాడు. నాలుగు మంచాలు పట్టేంత జాగా. పదేళ్ళుగా స్వయంగా పెంచుకున్నది.

"నేనొచ్చేసరికి ఇది ఇలాగే పచ్చగా ఉండాలి సుమా. దీని మీదే మళ్ళీ నడక నేర్చుకుంటాను."

అతను మాటవరసకి అన్నాడు. ఆమెకి మాత్రం అది శకునంలా తగిలింది. గడ్డి పచ్చగా ఉంటే మనిషి తిరిగొస్తాడు. లేకపోతే... ఆ పైది ఆలోచించలేదు.

గడ్డి సంగతి చూడ్డానికి ఓ పెద్దాయన రెండు నెలలుగా వస్తున్నాడు. భర్తే కుదిర్చాడనీ, ఇచ్చేదేదో ఆయనే ఇస్తున్నాడనీ ఆమె అనుకుంది. పెద్దాయన తెల్లవారకముందే వచ్చేవాడు. ఎక్కడో సన్నగా వాన పడుతున్నట్టు నీళ్ళ చప్పుడు ఆమె నిద్రలోకి వచ్చేది. లేచేసరికి మనిషి ఉండడు. గడ్డి మీద తడి మెరుపు ఉండేది.

భర్త ఆసుపత్రిలో చేరిన మర్నాడు, నిద్ర పట్టక, ఆమె అతన్ని మెట్ల మీద నుంచే నిలదీసింది.

"ఏమయ్యా, మూడు రోజులకోసారి నీళ్ళేమిటి? గడ్డి చూడబోతే చీలమండ దాకా పెరిగింది. కోసే ఓపిక లేదా?"

"ఎండాకాలమమ్మా. కాస్త పొడుగుంటే దాని నీడ దానికే. మట్టి చల్లగా ఉంటుంది. నీళ్ళు కూడా అప్పుడప్పుడు, నిండా పడితేనే వేరు లోపలికి దిగుతుంది."

"పని ఎగ్గొట్టడానికి ఎన్ని కబుర్లో!"

అతను నవ్వి, నీళ్ళ గొట్టం చుట్టి పెట్టాడు.

ఆదివారం ఆమె తమ్ముడు కోత మిషను తెచ్చాడు.

"బావ వచ్చేసరికి తివాచీలా చేసేస్తానక్కా!"

"నున్నగా కొట్టరా."

నున్నగానే కొట్టాడు. మూడు రోజుల ఎండకి తివాచీ కొబ్బరి పీచు రంగుకి తిరిగింది. ఆ సాయంత్రమే ఆసుపత్రిలో డాక్టరు, "ఆపరేషను బాగానే అయింది. జ్వరమే దిగడం లేదు. చూద్దాం," అన్నాడు.

ఆ "చూద్దాం" రాత్రంతా ఆమె పక్కనే పడుకుంది.

తెల్లారి పెద్దాయన వచ్చి, పచ్చిక చూసి నిలబడిపోయాడు. తలెత్తి పైకి ఎటో చూశాడు.

"ఎవరు కోశారమ్మా?"

"నేనే కోయించాను." ఆమెకి ఏడుపు తన్నుకొచ్చింది. "బతుకుతుందా? ఇది పచ్చబడకపోతే ఆయన రారయ్యా. నాకు తెలుసు."

అతను ఆమెని పిచ్చిదాన్ని చూసినట్టు చూడలేదు. గొంతుక్కూర్చుని ఓ దుబ్బు పట్టి లాగాడు. ఊడి రాలేదు.

"వేరు గట్టిదే. పచ్చబడుతుంది. పచ్చబడే దాకా రోజూ వస్తాను, సరేనా?"

రోజూ వచ్చాడు. జల్లించిన ఎరువు పలచగా చల్లాడు. ఎవరినీ అడుగు పెట్టనివ్వలేదు. ఒక్క బుధవారం మాత్రం రాలేదు.

"నిన్న ఏమైపోయావు?" ఆమె గేటు దగ్గరే అందుకుంది. "నీకేం నాయనా, పోతే నాకు పోతుంది!"

"నిజమేనమ్మా. ఇంట్లో పని పడింది."

అతని చంకలో ఉతికి మడత పెట్టిన దుప్పట్లు రెండున్నాయి. పాతబడి పలచనయ్యాయి. నాలుగు కర్రలు పాతి, మధ్యాహ్నపు ఎండ పడే వైపు వాటిని కట్టాడు. గాలికి అవి మెల్లగా ఉబ్బేవి, దిగేవి. కింద ఎవరో పడుకుని ఊపిరి తీస్తున్నట్టుండేది. ఆసుపత్రికి బయల్దేరే ముందు ఆమె కాసేపు ఆ నీడనే చూస్తూ కూర్చునేది. కళ్ళు వాటంతటవే మూతపడేవి.

ఓ పొద్దున పీచు మధ్య సూది మొనల్లా పచ్చ కనిపించింది. అదే రోజు జ్వరం దిగింది.

సోమవారం మధ్యాహ్నం భర్త ఇంటికొచ్చాడు. ఆమె భుజం పట్టుకుని, చెప్పులు విడిచి, గడ్డి మీద ఎనిమిదడుగులు వేశాడు.

మంగళవారం తెల్లవారకముందే ఇద్దరూ మెట్ల మీద కూర్చున్నారు, పెద్దాయన వస్తే కాఫీ ఇద్దామని.

"నీ మనిషి గట్టివాడే. ఎక్కడ పట్టావు?"

"నేనా? మీరు కుదిర్చారుగా!"

"నేనెక్కడ? గేటు దగ్గర నిలబడి, గడ్డికి నీళ్ళు పట్టనా అన్నాడు. నువ్వు పంపావనుకున్నాను."

పాలు పోసే ఆవిడ గేటు తోసుకుని వచ్చింది. ఇద్దరూ ఆవిడనడిగారు.

"ఆయన తోటపనివాడేమిటమ్మా, విడ్డూరం! పక్క సందులో, అదిగో, ఆ మూడో అంతస్తులో ఉంటాడు. పెళ్ళాం రెండేళ్ళుగా మంచం మీదే. ఆవిడ మంచానికి కనపడే పచ్చదనం ఈ ఊళ్ళో మీ గడ్డొక్కటే. మీ ఆయనకి ఒంట్లో బాగోక ఇది వాడిపోతుంటే, ఆవిడ దిగులు చూడలేక వచ్చేవాడు."

ఆమె తలెత్తింది. కిటికీ మూసి ఉంది.

"ఇప్పుడు పచ్చబడిందిగా," అంది గబగబా. "ఆవిడని చూడమని చెప్పు."

పాలావిడ చెంబు దింపింది.

"ఇంకెక్కడి ఆవిడ తల్లీ? మొన్న బుధవారం కాదు, ఆ ముందు బుధవారం పోయింది. నిన్న సామాను కూడా ఎత్తేశారు."

భార్య బుధవారం పోతే, గురువారం నుంచి పన్నెండు ఉదయాలు పరాయి ఇంటాయన నడక కోసం నీళ్ళు పట్టిన ఆ మనిషి, సోమవారం తెల్లవారుజామున గొట్టం చుట్టి పెట్టి వెళ్ళాడు, మళ్ళీ రాలేదు.