సైదులు ఒక్కడే కట్టిన క్యాసెట్

సైదులు టేప్‌రికార్డర్ మీట నొక్కి భార్య ముఖంలోకి చూశాడు. దేశదేశాల వాద్యాలు కలిపి అతనొక్కడే కట్టిన ఎనిమిది పాటల క్యాసెట్ అది. మొదట వింటున్నది మైసమ్మే.

"గీ సన్నాయి ఎవలు ఊదిన్రు?"

"నేనే. కీబోర్డుల అరబ్బు సన్నాయి."

"గా డోలు?"

"ఆఫ్రికాది. అదీ నేనే."

"ఇంతమంది ఇంట్ల ఉండంగ నల్లా కాడికి నేనొక్కదాన్నే పోతున్నన్నట్టు!"

సైదులు నవ్వాడు. ఆమె నవ్వులో మాత్రం కాస్త పుల్లవిరుపు ఉంది. కాలువ గేట్ల కాడ డ్యూటీ దిగి నందికొండ క్వార్టర్‌కు రాగానే, ఏడాదిగా అతను ముందుగది తలుపు మూసుకుంటున్నాడు. పలకరిస్తే చెయ్యి అడ్డం పెట్టేవాడు.

ఐదో పాటలో మైసమ్మ ఉలిక్కిపడింది. డోళ్ల నడుమ టకటకమంటున్నది, వంటింట్లో తాను తొక్కే కుట్టుమిషను.

"అయ్యో, నా మిషిన్ చప్పుడు పడ్డదేందయ్యా! జెప్తే బందు వెడుదును గద."

"నువ్వు లేనప్పుడు రెండుసార్లు రికార్డు జేసి చూసిన. పాట నడువలే. మల్ల నువ్వు కుట్టేదాక కూసున్న."

"నా కోసమా?"

"నీ కోసమే."

ఆమె పాట అయిపోయేదాకా తలవంచుకుని విన్నది. తర్వాత కొంచెం కసురుకున్నట్టే అంది:

"గది జాకిట్ గుడ్డ కుట్టిన చప్పుడు, గందుకే ఉరుకుతాంది. పరద గుడ్డయితే నిమ్మళంగ నడుస్తుండె. ముందుగాల నన్నడగొద్దా?"