పొర తీసెయ్

ఇలాంటి కూతురు పగవాడికి కూడా ఉండకూడదని స్టూడియో ఆయన బాధ.

నలభై ఏళ్లు ఆయన సన్నకుంచె, భూతద్దం పట్టుకుని జనాల ఫొటోల మీద గీతలూ చుక్కలూ చెరిపాడు. ఈవిడగారు కంప్యూటర్ ముందు కూర్చుని, మొన్న తీసిన పెళ్లి వీడియో మీద అవే గీతలు, అవే చుక్కలు, కాస్త మసక పనిగట్టుకుని అద్దుతోంది. పైగా దానికో పేరు. ‘పాత రీలు పొర’ట.

“జనం అడుగుతున్నారు నాన్నా. మరీ శుభ్రంగా ఉంటే జ్ఞాపకంలా అనిపించదట.”

“మొన్న జరిగింది ఇవాళే జ్ఞాపకం ఎలా అవుతుందే?”

ఈ నెలాఖరుకి స్టూడియో ఆమె చేతికివ్వాలి. ఆయన తాళాలు జేబులో వేసుకుని షరతు పెట్టాడు.

“మీ అమ్మను వీడియో తియ్యి. ఏ పొరా లేకుండా, ఉన్నదున్నట్టు. అప్పుడిస్తాను.”

తీసింది. ఆయన ఫోను ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. మసక. పసుపు. కిటికీలో వెలుతురు జుట్టు విరబోసుకున్నట్టుంది.

“పొర తీసెయ్.”

“వెయ్యలేదు నాన్నా.”

“నాకా చెబుతున్నావు?”

మళ్లీ తీసింది. మళ్లీ అదే మాట. మూడోసారికి ఆయన తన తెల్లచొక్కా చూసుకుని ఇంటావిడ మీద పడ్డాడు.

“తల్లీకూతుళ్లు కూడబలుక్కున్నారా? దీన్నీ పాత ఫొటోలా చేసిపెట్టావు.”

“అవునండీ. ఉతికి, ఆరేసి, పొర వేసి, ఇస్త్రీ చేశాను.”

కూతురు కెమెరా బల్ల మీద పెట్టేసింది. “ఇక నా వల్ల కాదు. ఎక్కడైనా ఉద్యోగం చూసుకుంటాను. స్టూడియో నువ్వే ఉంచుకో.”

ఆయనకు ఒళ్లు మండిపోయింది. పని మొత్తం దగ్గరుండి నేర్పినవాడు, ఉన్నదున్నట్టు ఒక్క నిమిషం తీయించలేకపోయాడు. తాళాలున్న జేబు మీద చెయ్యేసుకుని మూతి ముడుచుకు కూర్చున్నాడు.

ఇంటావిడ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. ఎవరికో ఫోన్ చేసి, “రేపు పొద్దున్నే తీసుకొస్తానండీ” అంది.

వారం తిరిగాక, డాక్టరు కట్టు విప్పగానే అదే వీడియో రెండుసార్లు చూసి, చొక్కా చేతుల వైపు ఓసారి చూసుకుని, తాళాలు కూతురి చేతిలో పెడుతూ స్టూడియో ఆయన అన్నాడు: “తప్పు నాదేనమ్మా, పొర ఉన్నది నా కంట్లో.”