ఆరు గంటల తేడా

ఆసుపత్రి మందుల గదిలోంచి ఇంజెక్షన్లు మాయమయ్యాయి. దాని తలుపు తెరిచే కార్డుల రికార్డులో నర్సు పేరు పక్కన తెల్లవారుజామున రెండు గంటలని ఉంది.

“ఆ వేళప్పుడు నీకక్కడేం పని?” అని మేనేజర్ నిలదీశాడు.

“నా డ్యూటీ ఎనిమిదింటికండీ. రెండింటికి ఇంట్లో పడుకునున్నా,” అంది నర్సు.

రికార్డు చూడ్డానికి పిలిపించిన ప్రోగ్రామర్‌కూ ఆమె మీదే అనుమానం. అయినా ఒకసారి సెట్టింగులు తెరిచి చూసింది. సాఫ్ట్‌వేర్ తప్పు సమయం చూపిస్తోంది, అసలు సమయం కంటే ఆరు గంటలు వెనక. దాన్ని సరిచేయగానే రెండు కాస్తా ఉదయం ఎనిమిదైంది.

నర్సు కళ్లు తుడుచుకుంది.

“సరేలే, తేలిపోయిందిగా. ఇక కంప్యూటర్ కట్టెయ్యమ్మా,” అన్నాడు మేనేజర్ కంగారుగా.

ప్రోగ్రామర్ కట్టెయ్యలేదు. పై వరుసలో రాత్రి ఎనిమిదని ఉన్నది కూడా ఆరు గంటలు ముందుకు జరిగి అర్ధరాత్రి దాటాక రెండైంది. ఆ వరుసలో ఉన్నది మేనేజర్ పేరు.