అర నిమిషం

“ఇది కుట్టగలరా?” అంటూ వచ్చినతను సంచిలోంచి సూటు తీసి బల్ల మీద పరిచాడు.

మేస్త్రి కళ్ళజోడు సవరించుకున్నాడు. తన కుట్టు తాను పోల్చుకోవడానికి ఆయనకు క్షణం పట్టలేదు. నల్ల తోలు, భుజాల మీద ఎర్ర పట్టీ, మెడ నుంచి చీలమండ దాకా ఒకటే తొడుగు. బండి నడిపేవాళ్ళు వన్ పీస్ అనే రకం. దాన్ని ఎవరో కుడికాలి చివర నుంచి మెడ దాకా నిలువునా కోసేశారు.

“ఆ అబ్బాయి...?”

అతను తల అడ్డంగా ఊపాడు. “మూడు వారాలైందండీ. మలుపులో జారిపోయాడు.”

మేస్త్రి స్టూలు మీద కూలబడ్డాడు.

నిజానికి ఆ అబ్బాయి అడిగింది టూ పీస్. “కోటు వేరుగా, ప్యాంటు వేరుగా ఉంటే వేసుకోవడం, విప్పడం సులువు కదా మేస్త్రీ” అన్నాడు. మేస్త్రి ఒప్పుకుంటేనా! ముప్ఫై ఏళ్ళుగా తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. “జారినప్పుడు కోటు పైకి లేచిందంటే నడుం ఒలిచినట్టు పోతుంది. వన్ పీస్‌లో ఆ సందే ఉండదు. నా మాట విను” అని పోరి పోరి కుట్టాడు. తొడిగి చూసుకున్న రోజున కుర్రాడు అద్దం ముందు నడుం వంగిపోయి నిలబడి పడీపడీ నవ్వాడు. “ముసలాణ్ణి చేసేశారు నన్ను!” “నిలబడటానికి కాదురా, బండి మీద వంగడానికి కుట్టాను” అని తనూ నవ్వాడు. 

“అమ్మ ఈ కోతనే తడుముకుంటూ కూర్చుంటోందండీ. చూడలేకపోతున్నాను. చేతికి తగలకుండా కలపాలి” అన్నాడు అతను.

అన్నగారన్నమాట, అనుకున్నాడు మేస్త్రి. కుట్టించడం ఒక వంక, తనను నిలదీయడానికే వచ్చి ఉంటాడు.

“ఒక్క మాట అడగనా? ఇదే టూ పీస్ అయితే, విప్పడానికి ఎంతసేపు పట్టేది?”

అనుకున్నంతా అయింది.

“ఎందుకు బాబూ?”

“ఛాతీకి దెబ్బ తగిలి ఊపిరి అందడం లేదు. సూటు తీస్తే గానీ ఏమీ చెయ్యలేరు. కొయ్యొద్దని బతిమాలాడు, కొత్తదని, ఇష్టపడి కుట్టించుకున్నానని. జిప్పుతోనే నాలుగు నిమిషాలు పోయాయి. ఆ తర్వాతే కత్తెర.”

కిందపడి కదల్లేని మనిషి ఒంటి మీంచి, జిప్పు తీసినా బిగుసుకునే ఉండే వన్ పీస్ ఊడదీయడం కుట్టిన తన వల్ల కూడా కాదని మేస్త్రికి తెలుసు. కొయ్యడమొక్కటే దారి. టూ పీస్ అయితే కోటు ముందు జిప్పు తెరుచుకుని రెండు రెక్కలూ పక్కకు పడేవి. ఆ మాట చెబితే ఈ చావు తన మెడకు చుట్టుకుంటుంది.

“ఏదైనా ఒకటే” అన్నాడు గట్టిగా. “నా జిప్పు వెన్నలా జారుతుంది. పని తెలిసినవాడికి అర నిమిషం చాలు.”

“అర నిమిషమా?”

“అర నిమిషం! అంతదూరం జారినా తోలు ఎక్కడైనా చిరిగిందేమో చూడు. సూటు చెయ్యాల్సింది సూటు చేసింది. ఆ అంబులెన్సులో వచ్చినవాడెవడో చేతకాని దద్దమ్మ. వాడి చేతిలో పడబట్టే మీవాడు దక్కలేదు.”

అతను బల్ల మీదున్న కత్తెరను మెల్లగా అవతలికి జరిపాడు. “శుక్రవారం వస్తానండీ. డ్యూటీ మధ్యలో వచ్చాను” అని వెళ్ళిపోయాడు. గండం గడిచిందని మేస్త్రి ఊపిరి పీల్చుకున్నాడు.

ఊపిరైతే పీల్చుకున్నాడు గానీ పని సాగలేదు. ఆరెతో బెజ్జం వెయ్యడం, మైనం పట్టించిన దారం లాగడం, మళ్ళీ ఆగిపోవడం. రెండో రోజున ఆయన కంటికి ఒకటి ఆనింది. కాలి నుంచి ఛాతీ దాకా కోత గీత గీసినట్టు తిన్నగా ఉంది. కత్తెర పట్టడంలో చెయ్యి తిరిగినవాడి కోత అది, చేతకానివాడిది కాదు. మెడ దగ్గరికి వచ్చేసరికి మాత్రం వంకర పోయింది. అక్కడ ఆ చెయ్యి వణికింది. కుర్రాడి ముఖం ఎదురుగా కనబడేది అక్కడే కదా. ముక్కూ మొహం తెలియని ఎవరి మీదో బండెడు నింద వేసి చేతులు దులుపుకున్నానని మేస్త్రికి సిగ్గేసింది. సూది పక్కనపెట్టి ఏడ్చాడు. శుక్రవారం ఆ అన్నగారికి ఉన్నదున్నట్టు చెప్పెయ్యాలి, కొట్టినా పడాలి అనుకున్నాడు.

శుక్రవారం అతను కుట్టు పొడుగునా అరచేత్తో నిమిరి చూశాడు. “బాగా కలిపారండీ. అమ్మ చేతికి తగలదు.” కళ్ళ కింద నలుపు దిగి ఉంది. ఈ నాలుగు రోజుల్లోనే మనిషి సగమైపోయాడు.

“నిద్రపోతున్నావా బాబూ?”

“కళ్ళు మూస్తే అర నిమిషమే గుర్తొస్తోందండీ.”

మేస్త్రి స్టూలు అతని వైపు జరిపాడు. “కూర్చో. నీకొక నిజం చెప్పాలి. వాడు నీకు తమ్ముడేనా?”

“కాదండీ. ఆ అమ్మను చూసి రావడానికి వెళ్తుంటాను, అంతే.”

“మరి ఏమవుతావు?”

అతను మెడ దగ్గరి వంకర మీద వేలు ఆనించాడు.

“ఇది కోసింది నేనేనండీ.”