రెజినాల్డ్ కొట్లో ఆఖరి టీ

“వీడికి టీ ఎవరు పోశారు?” అంటూ పళ్లు నూరింది శిరోమణి.

“నేనే. శనివారం ఈ కొట్టుకి వచ్చినవాళ్లందరికీ టీ ఇవ్వాలని రెజ్ పెట్టిన పద్ధతి కదా” అంది బెట్సీ.

న్యూజిలాండ్‌లోని ఇన్వర్‌కార్గిల్‌లో ఆ చిన్న తుపాకుల కొట్టు బెట్సీ భర్త రెజినాల్డ్‌ది. ముసలాయన పోయిన వారమే కన్నుమూశాడు. ఆయన్ని తలుచుకోవడానికి ఊళ్లోవాళ్లంతా కొట్లోనే చేరారు. ఈ సాయంత్రంతో కొట్టు మూసేస్తారు.

మూలన కప్పు పట్టుకుని నిలబడ్డవాడు లోకేశ్. చదువుకోవడానికొచ్చి ఇక్కడే ఉద్యోగంలో కుదురుకున్న కుర్రాడు. ఒకప్పుడు ఆదివారం చర్చి అయ్యాక శిరోమణి ఇంట్లోనే భోజనం. నిరుడు చలికాలం, మంచు గడ్డకట్టిన రోడ్డు మీద కారు దూకుడుగా తోలి, సైకిల్ మీద బడికి పోతున్న ఈతన్‌ని గుద్దేశాడు. ఈతన్ శిరోమణికి ఒక్కగానొక్క కొడుకు. కోర్టు వీడి డ్రైవింగ్ లైసెన్సు లాక్కుని, కొన్నాళ్లు పార్కులు ఊడవమంది. బిడ్డ ప్రాణం తీసినవాడికి చీపురు శిక్ష!

ఒక్కొక్కరే లేచి మాట్లాడుతున్నారు. లోకేశ్ వంతు వచ్చింది.

“నా తుపాకీ ఆయనే సర్వీసింగ్ చేసిపెట్టాడు” అన్నాడు తల దించుకుని. “వెళ్లేటప్పుడల్లా, వచ్చే శనివారం కూడా వస్తానని మాటివ్వు అనేవాడు. ఆ మాట కోసమే వచ్చేవాణ్ని.”

శిరోమణికి కడుపు మండిపోయింది. నా బిడ్డ మట్టిలో ఉంటే వీడికి వేటా? షికార్లా? పైగా వారం వారం టీలు కూడానా!

తుపాకీ ఆమెకీ ఉంది. ఇదే కొట్లో కొంది. పెరట్లో కూరగాయలు కుందేళ్లు తినేస్తున్నాయని చెబితే నమ్మాడు పాపం రెజినాల్డ్. తుపాకీ లైసెన్సు పరీక్షకి దగ్గర కూర్చోబెట్టుకుని చదివించాడు, గురిపెట్టడం నేర్పాడు. ఒకరోజు మాటల్లో అడిగాడు.

“గురి ఎంత దూరానికి సరిచేయమంటావు?”

“రోడ్డుకి ఈ పక్క నుంచి ఆ పక్కకి” అనేసి నాలుక కరుచుకుంది.

కుందేళ్లు పెరట్లో కదా ఉన్నది! రెజినాల్డ్ ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూశాడు. “వదిలిపెట్టి వెళ్లు, సర్వీసింగ్ చేసిస్తాను” అని ఇంకో కప్పు టీ పోశాడు. “వచ్చే శనివారం వస్తావుగా?” అన్నాడు. అమ్మయ్య, పట్టుకోలేదు అనుకుంది.

తుపాకీ తిరిగొచ్చేసరికి ఆయన మంచం పట్టాడు. ఈతన్ సమాధి దగ్గర వానలో తనతోపాటు చివరిదాకా నిలబడ్డ మనిషి. ఆయన బతికుండగా, ఆయన అమ్మిన తుపాకీతో హత్య జరిగితే మచ్చ ఎవరికి? అందుకే ఆగింది. ఇప్పుడాయన లేడు. రేపటికి కొట్టూ ఉండదు. ఇక అడ్డమేముంది?

“నువ్వూ రెండు మాటలు చెప్పు, శిరోమణీ” అంది బెట్సీ.

“నాకు మాటలు రావు” అని వెనకగుమ్మంలోంచి బయటికి వచ్చేసింది.

కాసేపటికి జనమంతా వీధివైపు నుంచి వెళ్లిపోయారు. వెనక పెరట్లో ఆమె కారు ఒక్కటే ఉంది. డిక్కీ తెరిచి, తుపాకీలో తూటా పెడుతుండగా వెనక అడుగుల చప్పుడైంది.

“ఆంటీ, ఒక్క మాట...”

“ఆంటీ ఏంట్రా ఆంటీ? నా చేతి అన్నం తిని నా కొడుకునే మింగావు కదరా!”

గిర్రున తిరిగి గురిపెట్టింది. లోకేశ్ తుపాకీ వైపు చూశాడు. అరవలేదు, పరిగెత్తలేదు. జేబుల్లోంచి చేతులు తీసి, కళ్లు మూసుకుని నిలబడ్డాడు.

ఎంత పొగరు! ఆడది కాల్చలేదులే అని కదూ!

ట్రిగ్గర్ నొక్కింది. పేలలేదు. తూటా మార్చి మళ్లీ నొక్కింది. మళ్లీ పేలలేదు. లోకేశ్ ఇంకా కళ్లు తెరవలేదు. ఆమె తుపాకీని నేలకేసి కొట్టి కొట్లోకి పరిగెత్తింది.

బెట్సీ ఒక్కతే కప్పులు కడుగుతోంది.

“మీ ఆయన దగా చేశాడు! పనికిరాని తుపాకీ అంటగట్టాడు నాకు!”

బెట్సీ ఉలిక్కిపడలేదు. చేతులు తుడుచుకుని, అలమారలోంచి పాత పొగాకు డబ్బా తెచ్చి మూత తీసింది. లోపల రెండు సన్నటి ఉక్కు మేకులున్నాయి.

“తూటాని వెనకనుంచి కొట్టే మేకు ఇది. ఇది లేకపోతే తుపాకీ పేలదు. నీది సర్వీసింగ్‌కి ఇచ్చిన రోజే తీసేశాడు. పేలలేదని ఏదో ఒకరోజు నా మీదికి అరుస్తూ వస్తావు, అప్పుడు కూర్చోబెట్టి టీ ఇవ్వమన్నాడు.”

శిరోమణి కుర్చీలో కూలబడి, ఈతన్ పోయిన ఇన్నాళ్లకి మొదటిసారి వెక్కి వెక్కి ఏడ్చింది. బెట్సీ కెటిల్ పెట్టింది. చాలాసేపటికి శిరోమణి కళ్లు తుడుచుకుని డబ్బాలోకి చూసింది.

“మరి ఈ రెండోది ఎవరిది?”

బెట్సీ కిటికీలోంచి పెరట్లోకి చూసింది. అక్కడ లోకేశ్ చేతులు వేలాడేసుకుని అలాగే నిలబడి ఉన్నాడు.

“ఆ అబ్బాయిది. నీకంటే ముందే వచ్చి, తనని తాను కాల్చుకోవడానికి కొన్నాడు.”