దెయ్యాన్ని పిలవని పిల్ల

"కట్!" దర్శకుడు టోపీ తీసి నేలకేసి కొట్టాడు. "ఒక్క మాటే తల్లీ! 'అమ్మా' అంటే చాలు. ఇంట్లో పైకప్పు లేచిపోయేలా వాగుతావు, ఇక్కడికొచ్చేసరికి గొంతులో వెలక్కాయ పడిందా?"

కుర్చీలో కూర్చున్న పిల్ల తలొంచుకుంది. ఆ పిల్ల దర్శకుడి కూతురే. పాలపళ్ళింకా పూర్తిగా ఊడలేదు. ఇంటా బయటా అందరూ వసపిట్ట అంటారు. అలాంటిది పొద్దుట్నించీ బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంది.

కుర్చీ వెనక తెల్ల శాలువా కప్పుకుని, చేతిలో దువ్వెనతో నిలబడ్డది దెయ్యం. ఆ దెయ్యం వేషం వేసింది పిల్లకి పిన్ని, కన్నతల్లి పోయాక తండ్రి చేసుకున్న మనిషి.

కథ పాతదే. నాటకంగా ఆడీ ఆడీ వీళ్ళకి కంఠతా వచ్చేసింది. చచ్చిపోయిన తల్లి రోజూ దీపాలవేళకి వచ్చి కూతురికి జడ వేసి పోతుంటుంది. పిల్ల వెనక్కి తిరిగి "అమ్మా" అన్న మరుక్షణం మాయమైపోతుంది, ఇక రాదు. స్టేజీ మీద పిల్ల జనానికి వీపు పెట్టి కూర్చునేది. ఆ మాట తెర వెనక నుంచి వేరే ఆవిడ అనేది. దీపాలారిపోయేవి. ఆ చీకట్లో దెయ్యం వేషంలో ఉన్న పిన్నే పిల్ల చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయేది. సినిమాకి ఆ పప్పులుడకవు. కెమెరా మొహంలో మొహం పెట్టి చూస్తుంది, పెదాలు కదలాల్సిందే.

"పొద్దున మాయమయ్యే ముక్క తీసి కెమెరాలో చూపించాం కదమ్మా," అని బుజ్జగించాడు కెమెరామన్. "మేకప్ అక్క నీ కుర్చీలో కూర్చుని 'అమ్మా' అంది, మీ పిన్ని ఠక్కున మాయం! అది చూసి హాలంతా పరుగులు కూడా పెట్టావుగా. అక్క అన్నట్టే అనెయ్యి, బంగారం."

"నాన్నా అంటే కుదరదా?"

"దెయ్యం మీ నాన్న కాదే!" అన్నాడు దర్శకుడు.

"ఏమో సార్, పొద్దుట్నించీ మీ అరుపులు వింటుంటే మాకూ అనుమానంగానే ఉంది," అన్నాడు లైట్లాయన. హాలంతా నవ్వింది. పిల్ల నవ్వలేదు.

కిటికీలోంచి ఎండ జారిపోతోంది. స్కూలు వాళ్ళు హాలు ఇచ్చింది ఇవాళ్టికే.

దర్శకుడు మళ్ళీ నోరు తెరవబోతుంటే పిన్ని చెయ్యి అడ్డుపెట్టింది.

"దాన్ని అరవకండి. దాని తప్పేం లేదు," అంది గొంతు తగ్గించి. "నా మొహం చూసి ఆ మాట ఎలా వస్తుందండీ? ఇంట్లో ఏనాడైనా అందా? నేనూ అడగలేదు. శాలువా ఆ మేకప్ అమ్మాయికి కప్పండి. ఆ అమ్మాయిని చూసైనా అంటుందేమో."

"నువ్వు తప్పుకుంటావా? సినిమాలో ఈ వేషం కోసం అన్నాళ్ళు ఎదురుచూశావు కదే?"

"వేషం కోసం కాదు." ఆవిడ దువ్వెన పళ్ళకేసి చూస్తూ అంది. "ఉత్తుత్తిదైనా ఒక్కసారి విందామని ఆశపడ్డాను. అంతే."

దర్శకుడు నేలమీది టోపీ తీసి దుమ్ము దులిపాడు.

పిన్ని శాలువా తీసి మేకప్ అమ్మాయికి ఇవ్వబోయింది. సగంలో ఆగిపోయింది. ఎక్కడో పట్టేసింది. లాగితే శాలువాతో పాటు పిల్ల కూడా కుర్చీలో ఇటు ఒరిగింది.

వంగి చూసింది. శాలువా కొసా, పిల్ల గౌను బెల్టూ కలిపి పీటముడి. ఒకటి కాదు, ముడి మీద ముడి. విప్పబోతే చిన్న చేతులు రెండూ గట్టిగా అడ్డం పడ్డాయి.

"ఎవరు వేశారే ఇది?"

"నేనే."

"ఎందుకమ్మా?"

పిల్ల కెమెరాకేసి అనుమానంగా చూసింది. దాని ఎర్రదీపం ఇంకా వెలుగుతూనే ఉంది. పిన్ని మెడని కిందికి వంచి, ఆవిడ చెవిని తన నోటి దగ్గరికి లాక్కుని గుసగుసగా అంది.

"అది చూస్తుండగా నిన్ను అలా పిలవను. పిలిస్తే నువ్వు కూడా వెళ్ళిపోతావు."