దారం కట్టిన పుస్తకాలు

పుస్తకంలో హంతకుడు పెరటి గోడ దూకగానే వెంకటనర్సమ్మ రాట్నం వదిలి లేచింది. తమ పెరటి తలుపుకు గొళ్ళెం పెట్టి వచ్చింది.

అప్పుడు మిట్టమధ్యాహ్నం.

"గది మద్రాసుల జరిగిన కతనే అమ్మా," అంది కౌసల్య, చదవడం ఆపి.

"మద్రాసుల దూకినోడు మన ఊళ్ళె దూకడా? నువ్వు సదువు."

మగ్గం గుంటలోంచి తండ్రి అంజయ్య నవ్వు వినిపించింది. "మీ అమ్మ అంతే బిడ్డా. గా వైద్యం పుస్తకం సదివితే అండ్లున్న రోగాలన్నీ ఆమెకే వచ్చినయి. కడుపుల బల్ల ఒక్కటే తక్కువ."

"అదీ ఉన్నది. నీకు చెప్పలే," అంది వెంకటనర్సమ్మ.

ఆ ఇంట్లో చదువు అట్లా సాగేది. తల్లి రాట్నం మీద నూలు కండెలు చుడుతుంటే కూతురు పక్కన కూచుని పైకి చదివేది. రంగూన్ ఓడ ప్రయాణం చదివినన్నాళ్ళూ ఓడ మునుగుతుందని వెంకటనర్సమ్మకు ఒకటే గుబులు. మునగకుండా ఒడ్డు చేరితే, "మునిగే ఉంటది, రాసినాయన దాచిపెట్టిండు" అని తేల్చింది. భక్తుల కథలు మాత్రం నిమ్మళంగా విన్నది. ఎంత కష్టమొచ్చినా చివరికి దేవుడు వస్తాడు కదా అని.

పుస్తకాలు తెచ్చేది సోమన్న.

భువనగిరి షావుకారు దగ్గర నూలు ఎత్తుకుని ఊరూరా మగ్గాల ఇండ్లకు వేసేవాడు. చిలుపలుగా కట్టిన నూలు చుట్టల నడుమ పుస్తకాలు దాచి తెచ్చేవాడు. ప్రతి పుస్తకానికీ ఒక్కో రంగు దారం కట్టి ఉండేది. పాతది తీసుకుని కొత్తది ఇచ్చి, అరుగు మీద కూలబడి అడిగేవాడు.

"ఎట్లున్నది బిడ్డా? గా చిన్నది సచ్చిపోయిందా, బతికిందా? ఇన్నోళ్ళు ఏమన్నరు?"

కౌసల్య చెప్పేది. అతను కళ్ళు మూసుకుని వినేవాడు. నడుమ నడుమ, "గది మళ్ళొక్కసారి చెప్పు" అనేవాడు.

అది పోలీసు యాక్షన్ అయిన చలికాలం. రజాకార్లు పోయారు, మిలిట్రీ వచ్చింది. దొరల మీద తిరగబడిన సంగపోళ్ళ కోసం ఊళ్ళు సోదా చేస్తున్నారు. పుస్తకం దొరికిన ఇంటి మనిషిని జీపెక్కించి క్యాంపుకు తీసుకుపోతున్నారని చెప్పుకుంటున్నారు.

ఆ రోజుల్లోనే సోమన్న నల్ల దారం కట్టిన పుస్తకం తెచ్చాడు.

"ఇది జర లోపల కూసోని సదువు బిడ్డా. ఇని మీ అమ్మ ఏమంటదో నాకు చెప్పాలె."

వెంకటనర్సమ్మ తలెత్తింది. "నా మాట నీకెందుకన్నా?"

"ఊకెనే చెల్లె."

ఊరికే ఎవరడుగుతారు?

చదివితే అది ఒక జీతగాడి కథ. దొర ఉండే గడి ముందు చెప్పులు తొడుక్కుని నడిచినవాడి కథ. చదువుతున్నకొద్దీ కౌసల్య గొంతు పెరిగింది. "మెల్లగనే, మెల్లగ!" అంటూనే ఉంది తల్లి. ఆ జీతగాడికి ఏమవుతుందో అని కాదు, చదివే పిల్లకు ఏమవుతుందో అని ఆమె భయం.

అంతా అయ్యాక మగ్గం దగ్గరికి పోయింది.

"ఓ, ఇంటున్నవా? గా సోమన్న మంచోడు కాదు. ఎవలేం సదువుతున్నరో, ఏమంటున్నరో మోసుకపోయి క్యాంపుల చెప్తుండు. దారాలు సూసినవా? మనం పడుగుకు గుర్తు కట్టినట్టు, ఏ ఇల్లు ఎసోంటిదో గుర్తు కడ్తుండు."

"నూలు మోసేటోడు దారం కట్టక మోకు కడ్తడా?"

"నవ్వు. పిల్లను జీపెక్కిచ్చినంక గూడ నవ్వు."

అంజయ్య మళ్ళీ నవ్వలేదు.

సోమన్న వచ్చిన రోజు వెంకటనర్సమ్మే గడపలో నిలబడింది. "మామా" అంటూ బయటికి రాబోయిన కూతుర్ని మోచేత్తో లోపలికి నెట్టింది. పుస్తకం అతని మూట మీద పెట్టింది.

"మేం సదవలే. మా ఇంట్ల సదువొచ్చినోళ్ళు లేరు. నూలు తెస్తే తే, పుస్తకం తేకు."

"గట్లనా?" సోమన్న ముఖం చిన్నబోయింది. "పోనీ, జరంత చివర్ది పిల్లను చెప్పనీయి చెల్లె. ముంగటి ఊళ్ళె అడుగుతున్నరు."

"ఎవలడుగుతున్నరో నాకెరుకే. పో అన్నా."

సోమన్న పుస్తకాన్ని చిలుపల మధ్యకు తోసి, మూట నెత్తికెత్తుకుని పోయాడు.

చాలా రోజులకు ఆ పూట వెంకటనర్సమ్మకు అన్నం సహించింది.

ఆ తర్వాత నూలు చాన్నాళ్ళు రాలేదు. వచ్చినప్పుడు తెచ్చింది వేరే మనిషి. సోమన్న బామ్మర్దినని, పేరు యాదగిరి అని చెప్పాడు.

"మీ బావ రాలేదేం తమ్మీ?"

"బావను మిలిట్రీ పట్టుకున్నదక్కా. తొవ్వల మూట ఇప్పిచ్చిండ్రట. పుస్తకాలు బయట పడ్డయి."

వెంకటనర్సమ్మ ముందు కూతురి వైపే చూసింది.

"మరి... ఏ ఏ ఇండ్లు చెప్పిండు?"

"ఒక్క ఇల్లు చెప్పలే. ఎంత కొట్టినా పుస్తకాలన్నీ నాయే, నేనే సదువుకుంటున్న అన్నడట."

"ఇప్పుడేడున్నడు?"

"ఏడుంటడక్కా. పీనుగను ఇచ్చిండ్రు, బూడిద చేసినం."

కౌసల్య లేచి అరుగు మీదికి వచ్చింది. వెంకటనర్సమ్మ ఏదో ఒకటి అనకపోతే ఉండలేనట్టు అంది.

"గన్ని పుస్తకాలు సదివిన మనిషికి, గా క్యాంపోళ్ళకు ఏదో ఒకటి చెప్పి బయటపడే ఉపాయం తోచలేదా తమ్మీ?"

యాదగిరి నూలు కట్ట అరుగు మీద దించి, తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు.

"ఏం సదువక్కా, మా బావకు ఒక్క అక్షరం రాదు, దారం రంగు సూసే ఏ పుస్తకమో గుర్తుపట్టేటోడు, ఊరూరు తిరిగి మీ అసోంటోళ్ళు చెప్పంగ ఇన్నదే ఆయన సదువు."